తోపుడు బండి

బెల్జియంలో మ్యూజ్ నది ఒడ్డున సెరేన్ అనే ఊరుంది. ఈ శతాబ్దం మొదట్లో అక్కడ జాన్-పియెర్ దర్దెన్, లూక్ దర్దెన్ అనే అన్నదమ్ములు ఒక సినిమా షూటింగులో ఉండగా వీధిలో ఒక అమ్మాయి వాళ్ళ కంటపడింది. పసిబిడ్డను పడుకోబెట్టిన బండిని తోసుకుంటూ పోతోంది. ఒకసారి కనిపించిన అమ్మాయి అదే రోజు మళ్ళీ కనిపించింది, ఆ తర్వాత మళ్ళీ. బజారుకు పోతున్నట్టు లేదు, ఇంటికి పోతున్నట్టూ లేదు. బిడ్డను నిద్రపుచ్చడానికి తల్లులు బండిని ఊపే తీరు ఒకటుంటుంది. ఆ తోపు అలా లేదు. వదిలించుకోవాలని విసిరినట్టూ ఉంది, వదల్లేక పట్టుకున్నట్టూ ఉంది. షూటింగు పూర్తయింది, ఆ సినిమా 2002లో విడుదలైంది, అయినా ఆ బండి అన్నదమ్ములను వదల్లేదు. చూసినదానికన్నా చూడనిది వాళ్ళను ఎక్కువగా వేధించింది: ఆ బిడ్డ తండ్రి ఏడీ? ఆ ప్రశ్నను పట్టుకుని తీసిన సినిమాయే ‘లాంఫాఁ’. ఫ్రెంచిలో ‘బిడ్డ’ అని అర్థం. 2005 మే నెలలో కేన్స్ చిత్రోత్సవం దానికి తన పెద్ద బహుమతి, పామ్ డోర్, ఇచ్చింది. 1999లో ‘రొజెట్టా’కు అదే బహుమతి అందుకున్న ఈ అన్నదమ్ములు, దాన్ని రెండుసార్లు గెలిచిన బహుకొద్దిమంది దర్శకుల సరసన చేరారు.

కథ నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. పద్దెనిమిదేళ్ళ సోనియా పురిటి బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రి నుంచి తన గదికి వస్తుంది. తలుపు తీసినవాళ్ళు ఎవరో పరాయివాళ్ళు. ఆమె ఆస్పత్రిలో ఉన్న కొద్దిరోజుల్లోనే బిడ్డ తండ్రి బ్రూనో ఆ గదిని వాళ్ళకు అద్దెకిచ్చేశాడు. అతనికి ఇరవయ్యేళ్ళు. బడి పిల్లలను వెంటేసుకుని చిల్లర దొంగతనాలు చేస్తుంటాడు. కాన్పుకు ఆస్పత్రి వైపు తొంగి కూడా చూడలేదు. ఒకరోజు సోనియా భృతి కోసం లైన్లో నిలబడి ఉంటే, బిడ్డను కాసేపు తిప్పుకొస్తానని తీసుకెళ్ళి అమ్మేస్తాడు. సంగతి విని ఆమె నిలబడినచోటే కుప్పకూలుతుంది. బిడ్డను వెనక్కి తెస్తాడు గాని, ఆమె ఇక అతణ్ణి గడప తొక్కనివ్వదు. అక్కణ్ణుంచి ఆకలి, తన్నులు, ఇంకో దొంగతనం, చివరికి జైలు. ఇంతకీ పేరులో ఉన్న ఆ బిడ్డ ఎవరు అంటే, పొత్తిళ్ళలో ఉన్నవాడు కాదు, ఎదగని తండ్రే అసలు బిడ్డ అని చాలామంది విమర్శకులు అన్నారు. మాట సబబే. కానీ ఎందుకు ఎదగలేదు అన్నది ఇంకా మిగిలే ఉంటుంది. నాకు తోచే జవాబు ఇది. పేదరికాన్ని కొలవడానికి తెలుగులో ఒక పాత కొలత ఉంది: పూట. పూట గడవడం లేదంటాం, ఈ పూటకు లేదంటాం. బ్రూనోది పూట గడవని పేదరికం కాదు, పూట దాటని పేదరికం. అతనికి ఈ పూట ఉంది, రేపు లేదు. పసిబిడ్డకేమో రేపు తప్ప మరేమీ లేదు. అందుకే కళ్ళెదుట ఉన్న బిడ్డ ఆ తండ్రి కంటికి ఆనడు.

సినిమా మొదటి భాగంలో బ్రూనో జేబులోకి వచ్చిపోయే డబ్బును లెక్కరాస్తే ఈ సంగతి తేటపడుతుంది. దొంగిలించిన సరుకు అమ్ముతాడు, డబ్బొస్తుంది. సహాయం చేసిన పిల్లలకు వాటా పంచడంలో పేచీ పెట్టడు. తన జాకెట్టు బాగుందని సోనియా ముచ్చటపడితే అలాంటిదే ఆమెకూ కొంటాడు. టాపు లేని కారొకటి నచ్చితే అద్దెకు తీసుకుని ఆమెను, బిడ్డను ఎక్కించుకుని తిప్పుతాడు. పిసినారి కాదు, క్రూరుడు కాదు, ఆమెతో పిల్లాడిలా కొట్లాడి నవ్వించగలడు. కానీ ఆ రాత్రికి ఎక్కడ పడుకుంటాం అన్నదానికి అతని దగ్గర జవాబు లేదు. నది ఒడ్డున అట్టలతో వేసుకున్న గుడిసె అతని చిరునామా. ఉద్యోగం మాటెత్తితే, అలాంటి పనులు వెర్రివాళ్ళకని కొట్టిపారేస్తాడు. గది అంటే నెలనెలా అద్దె కట్టాల్సినది, అంటే దానిలో వచ్చే నెల దాగి ఉంది. బ్రూనో దాన్ని ఈ రోజు చేతికొచ్చే నోట్లుగా మార్చేశాడు. జీతమైనా అంతే, నెలాఖరుదాకా ఆగాలి. ఆగడం అన్నది అతని ఒంట్లో లేదు. అతను ఖర్చుపెట్టేది డబ్బును కాదు, కాలాన్ని. దాన్ని ఎప్పటికప్పుడు చిల్లర మార్చుకుంటున్నాడు.

బిడ్డను అమ్మే ఘట్టాన్ని కాస్త ఆగి చూడాలి. ఫోన్లో చెప్పినట్టే చేస్తాడు బ్రూనో. ఒక భవనం మెట్లెక్కుతాడు, మనుషులు లేని ఫ్లాటులోకి వెళ్తాడు. సామాను లేని గది. బిడ్డను ఎక్కడ పెట్టాలి? తన జాకెట్టు విప్పి నేలమీద పరుస్తాడు, దానిమీద బిడ్డను పడుకోబెడతాడు. పక్కగదిలోకి పోయి తలుపు మూసుకుని నిలబడతాడు. కొన్నవాళ్ళ మొహం అతనూ చూడకూడదు, మనమూ చూడం. అలికిడి వినిపిస్తుంది. మళ్ళీ వచ్చి చూస్తే జాకెట్టు ఉంది, బిడ్డ లేడు, 5 వేల యూరోలున్నాయి. డబ్బు తీసుకుంటాడు, జాకెట్టు తొడుక్కుంటాడు. దీనికంతటికీ నేపథ్య సంగీతం లేదు, ఏడుపు లేదు, కెమెరా అతని వెన్నంటి ఉండి అతను చూసిందే చూస్తుంది. ఆ జాకెట్టు పరచడం దగ్గరే నాకు సినిమా అంతా ఉందనిపిస్తుంది. చల్లటి నేల బిడ్డకు తగలకూడదన్న ఇంగితం ఆ చేతులకు ఉంది. అమ్మేస్తున్న చేతులూ అవే. అతను రాక్షసుడైతే మనకు తేలికయ్యేది. ఈ క్షణానికి బిడ్డ ఒంటికి ఏం కావాలో తెలిసినవాడే, వచ్చే క్షణం సంగతి తెలియనివాడు. ఆ అమరిక ఎంత పకడ్బందీగా ఉందంటే, ఇచ్చేవాడికి తీసుకునేవాడు కనబడడు, తీసుకునేవాడికి బిడ్డను కన్నవాళ్ళు కనబడరు. లూక్ దర్దెన్ తత్వశాస్త్రం చదువుకున్నవాడు. ఎదుటి మనిషి మొహమే మనల్ని బాధ్యతకు కట్టేస్తుందన్న తత్వవేత్త లెవినాస్ ఆలోచన ఆయనకు చాలా దగ్గరది. మొహాలన్నిటినీ తలుపుల వెనక దాచేస్తే మిగిలేది బేరమొక్కటే అని ఆ ఖాళీ గది చూపిస్తుంది.

తర్వాత బ్రూనో ఖాళీ బండిని తోసుకుంటూ సోనియా దగ్గరకు వస్తాడు. బిడ్డేడని అడిగితే అమ్మేశానంటాడు. డబ్బు చూపిస్తాడు. మనం ఇంకొకణ్ణి కందాంలే అంటాడు. ఇంత దారుణమైన మాటను అతను దారుణంగా అనడు, ఓదార్పుగా అంటాడు. పగిలిన గ్లాసు స్థానంలో కొత్త గ్లాసు కొందామన్నంత సౌమ్యంగా. అతని లెక్కలో తప్పు లేదు కూడా. కెమెరా పోతే ఇంకో కెమెరా, గది పోతే ఇంకో గది. ఒకదాని బదులు ఇంకొకటి రానిది ఆ జీవితంలో ఇప్పటిదాకా లేదు. మన బజార్లలో పళ్ళో కూరలో పెట్టుకుని తిరిగే బండిని తోపుడు బండి అంటాం. ఆ బండి ధర్మం ఏమిటంటే పొద్దున ఎత్తిన సరుకు చీకటిపడేలోగా పోవాలి, మిగిలితే వాడిపోతుంది. ఆ బండి నడిపేవాడు రెక్కలు ముక్కలు చేసుకునే మనిషి. సాయంత్రం రోజువారీ ఫైనాన్సుకు కట్టాలన్న బెంగలో అతనికి రేపు ఎప్పుడూ గుర్తే. బ్రూనో బిడ్డ బండిని తోపుడు బండిగా మార్చినవాడు, అదీ ఆ బెంగ లేకుండా. తర్వాత ఆ బండినీ అమ్ముకుంటాడు.

బిడ్డను అమ్మిన తండ్రి తెలుగువాళ్ళకు కొత్త కాదు. సత్య హరిశ్చంద్రుడు కాశీ వీధిలో చంద్రమతిని వేలం వేశాడు, లోహితాస్యుడు తల్లి కొంగు పట్టుకుని వెంట వెళ్ళాడు. గౌరన కావ్యం నుంచి బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం దాకా తరతరాలు ఆ ఘట్టానికి కన్నీళ్ళు పెట్టుకున్నాయి. ఆ కన్నీళ్ళలో ఎక్కువ భాగం అమ్మినవాడికోసమే అన్నది గమనించాల్సిన సంగతి. అతను విశ్వామిత్రుడికిచ్చిన మాటకోసం అమ్మాడు, గడువు ముంచుకొచ్చి అమ్మాడు. కథలు అక్కర్లేదు, నిజంగా జరిగిందే చూసినా మన మనసు అలాగే పోతుంది. 1999 నుంచి 2001 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల ఆడశిశువులను కొని, దత్తత సంస్థల ద్వారా విదేశాలకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. అప్పుడూ, లేమి ఆ తల్లుల చేత ఆ పని చేయించిందని అర్థం చేసుకోగలిగాం. మన ఊహలో బిడ్డ అమ్మకం వెనక ఆకలో ఆనో ఉండి తీరాలి. ‘లాంఫాఁ’ మనల్ని ఇబ్బందిపెట్టేది ఇక్కడే. బ్రూనోకు ఆ రోజు ఆకలి లేదు, తీర్చాల్సిన అప్పు లేదు, నిలబెట్టుకోవాల్సిన మాటా లేదు. కొనేవాళ్ళున్నారని విన్నాడు, అమ్మాడు. మనం జాలిపడటానికి పట్టుకునే కొయ్యను దర్శకులు కావాలనే పీకేశారు.

మరి ఆ రేపు ఏమైపోయింది? సెరేన్ చరిత్రలోనే ఉంది జవాబు. 1817లో జాన్ కాకెరిల్ అనే పారిశ్రామికుడు, లియేజ్ పాలకులైన బిషప్పుల పాత కోటను తీసుకుని అక్కడ ఇనుప కర్మాగారం పెట్టాడు. ఆవిరి యంత్రాలు, రైలింజన్లు, ఉక్కు: యూరపు ఖండంలోనే పేరుమోసిన పరిశ్రమ అయింది. తాత కొలిమి దగ్గర, తండ్రి కొలిమి దగ్గర, కొడుక్కి పద్దెనిమిదేళ్ళొస్తే అతనికీ అక్కడే చోటు. నచ్చినా నచ్చకపోయినా రేపనేది సైరన్ కూతతో మొదలయ్యేది. ఆ రేపుకోసం కొట్లాడటమూ తెలుసు ఆ ఊరికి. 1960-61 చలికాలంలో బెల్జియాన్ని స్తంభింపజేసిన సార్వత్రిక సమ్మెకు ఆ ప్రాంతమే ఆయువుపట్టు. దర్దెన్ సోదరులు తొలిరోజుల్లో ఆ సమ్మె జ్ఞాపకాలమీద డాక్యుమెంటరీ తీశారు. తర్వాత ఉక్కు గిట్టుబాటు కాలేదు. గనులు, కొలుములు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సెరేన్‌లోని ఒక బ్లాస్ట్ ఫర్నేస్‌ను 2005 ఏప్రిల్‌లో ఆపేశారు; ‘లాంఫాఁ’కు బహుమతి వచ్చింది సరిగ్గా ఆ మర్నెల్లోనే. మరుసటి ఏడాది మిత్తల్ కంపెనీ ఆ కొలిమి యజమాని ఆర్సెలార్‌ను కలిపేసుకుంది. 2008లో కొన్ని నెలలు వెలిగించి మళ్ళీ ఆర్పేసిన ఆ కొలిమిని 2016 డిసెంబరులో పేల్చి కూల్చేశారు. సినిమాలో ఎవరూ ఈ కథ చెప్పరు. బ్రూనోకు బహుశా తెలియదు కూడా. అతని తరానికి అందింది కొలిమి కాదు, కొలిమి ఆరిన ఊరు. నది, రోడ్డు, గరాజులు, వాటి మధ్య చేతులు మారే దొంగసరుకు. రేపును తయారుచేసే యంత్రం ఆగిపోయిన చోట పిల్లలు ఈ పూటలోనే పెరుగుతారు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. రేపటి గురించి పేదవాడు ఆలోచించినంతగా ఎవరు ఆలోచిస్తారు? చీటీ కట్టే పనిమనిషి, కూతురి పెళ్ళికి గ్రాము గ్రాము బంగారం కూడబెట్టే కూలీ, తాను చదవకపోయినా కొడుకును కాన్వెంటుకు పంపే ఆటో డ్రైవరు, వీళ్ళంతా రేపటికోసం ఈ పూటను మాడ్చుకునేవాళ్ళే కదా? పేదవాళ్ళకు ముందుచూపు లేదనడం కలిగినవాళ్ళు ఎప్పుడూ చెప్పే మాట కాదా? అభ్యంతరం న్యాయమైనది, సినిమా కూడా దీన్ని ఒప్పుకుంటుంది. సాక్ష్యం సోనియాయే. ఆమెదీ అదే ఊరు, అదే లేమి, ఇంచుమించు అదే వయసు. అయినా బ్రూనో చేత బిడ్డకు తండ్రినని మున్సిపల్ ఆఫీసులో సంతకం పెట్టించేది ఆమె. భృతి లైన్లో నిలబడేది ఆమె. బ్రూనోను పనిలో చేరమనేదీ ఆమే. కాబట్టి పేదరికం దానంతటదే బ్రూనోలను తయారుచేస్తుందని సినిమా అనడం లేదు. రేపటికోసం కూడబెట్టే పేదవాడికి ఏదో ఒక పట్టు ఉంటుంది: చీటీ పాడే తేదీ, బడి ఫీజు గడువు, పండక్కి వచ్చే చుట్టాలు, ఊళ్ళో ఒక పరువు. ఇవన్నీ రేపును ఈ రోజుతో ముడేసే తాళ్ళు. బ్రూనో చుట్టూ ఆ తాళ్ళన్నీ తెగిపోయాయి. అతనికి తల్లి ఉంది, అతను ఆమె గుమ్మం తొక్కేది పోలీసులకు అబద్ధం చెప్పిపెట్టమని అడగడానికి. పేదరికాల్లో ఒక రకమిది, అన్నిటికన్నా తక్కువ కనిపించేది, ఎందుకంటే ఇందులో మనిషి మంచి జాకెట్టే తొడుక్కుని ఉంటాడు.

అయితే సోనియాకు ఆ రేపు ఎక్కడిది? ఇక్కడ సినిమా బలహీనంగా ఉందని నేను ఒప్పుకుంటాను. తొమ్మిది నెలలు మోసింది గనక తల్లి అయింది, మోయలేదు గనక తండ్రి కాలేదు అన్నంత సులువుగా వదిలేసినట్టుంటుంది. కడుపుకు కాలం తెలుసు, నిజమే. మూడో నెల, ఏడో నెల అని లెక్కపెట్టుకుంటూ పోయే గర్భం అంటేనే ఎదురుచూపు. కానీ కన్న ప్రతి ఆడపిల్లలోనూ మాతృత్వం దానంతటదే పొంగుతుందన్నది మగవాళ్ళు హాయిగా నమ్మే కథ. ఆ కథను సరిదిద్దింది కూడా ఈ అన్నదమ్ములే, ఇరవయ్యేళ్ళు ఆగి. 2025 మేలో కేన్స్‌లో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి పొందిన ‘జన్ మేర్’, అంటే యువ తల్లులు, లియేజ్ దగ్గర చిన్న వయసు తల్లులను ఉంచి సాకే ఒక ఆశ్రయంలో నడుస్తుంది. అందులో అమ్మాయిలు కన్నారు, కానీ తల్లులు కావడం ఇంకా నేర్చుకుంటున్నారు. పుట్టగానే వదిలేసిన తన తల్లిని వెతుక్కునే అమ్మాయి ఉంది, బిడ్డ పుడితే ప్రియుడు నిలుస్తాడనుకుని మోసపోయిన అమ్మాయి ఉంది. వాళ్ళలో ఆరియాన్ అనే పిల్ల తన బిడ్డను పెంచుకునే కుటుంబానికి అప్పగిస్తుంది. బయటినుంచి చూస్తే బ్రూనో చేసిందీ ఆరియాన్ చేసిందీ ఒకటే, బిడ్డ చేతుల్లోంచి వెళ్ళిపోవడం. కానీ ఆరియాన్ ఆ కుటుంబం మొహాలు చూస్తుంది, బిడ్డ పెద్దయ్యాక చదువుకోవడానికి ఉత్తరం రాస్తుంది. ఆమె బిడ్డను వదులుకుంది గాని బిడ్డ రేపును వదులుకోలేదు. ఉంచుకున్నావా ఇచ్చేశావా అన్నది పెంపకానికి కొలత కాదని, రేపు వచ్చి అడిగితే జవాబు చెప్పడానికి నువ్వుంటావా అన్నదే కొలతని ఈ రెండు సినిమాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

రెండో అభ్యంతరం రాజకీయమైనది. కొలుములు మూసింది బ్రూనో కాదు, మరి నీతి పాఠం బ్రూనోకెందుకు? వ్యవస్థను బోనెక్కించాల్సింది పోయి ఒక కుర్రాడి మనస్సాక్షిని విచారిస్తారా? దీనికి ‘రొజెట్టా’ సంగతి చెప్పుకోవాలి. ఉద్యోగంకోసం ఎంతకైనా తెగించే అమ్మాయి కథ అది. అది గెలిచిన ఏడాదే, 1999 డిసెంబరులో, బెల్జియం యువత ఉపాధికి చట్టం చేసింది. యాభైమందికి పైబడిన సంస్థలు తమ సిబ్బందిలో మూడు శాతం మేరకు యువతను తీసుకోవాలన్నారు. జనం దాన్ని రొజెట్టా పథకమనే పిలిచారు. ఆ చట్టం అప్పటికే తయారవుతోందని, తమ ఘనత కాదని దర్శకులే చెప్పుకున్నారు. ‘లాంఫాఁ’ ఆ పథకం వచ్చాక తీసిన సినిమా. ఇందులో రాజ్యం లేకపోలేదు, పైగా బాగానే పనిచేస్తోంది. కాన్పు చేసిన ఆస్పత్రి ఉంది, పేరు రాసుకునే ఆఫీసు ఉంది, భృతి ఇచ్చే కిటికీ ఉంది, సోనియా మాట నమ్మి విచారించే పోలీసులున్నారు. చాలా దేశాల పేదలు కుళ్ళుకునేటంత ఉంది. ఆ కిటికీలు ఇవ్వగలిగింది సంతకం, డబ్బు, విచారణ. రేపు మీద నమ్మకం ఏ కౌంటర్లోనూ దొరకదు. అది పనిలో, పనిచోటి స్నేహాల్లో, అలవాటైన వేళల్లో తయారయ్యేది. దర్శకులు వ్యవస్థను వదిలేశారనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. వ్యవస్థ చేసిన నష్టం ఎంత లోతుకు దిగిందో ఒక మనిషి చేతుల కదలికలో చూపారు. బిడ్డకు ధర కట్టేదాకా దిగింది. అంతకన్నా పెద్ద అభియోగపత్రం ఏం కావాలి? అదే సమయంలో బ్రూనోను వాళ్ళు క్షమించి ఊరుకోలేదు. అతణ్ణి కేవలం పరిస్థితుల ఫలితంగా చూడటమంటే అతణ్ణీ ఒక సరుకుగా చూడటమే.

విచిత్రమేమంటే బ్రూనోకు మొదటి రేపు అప్పు రూపంలో వస్తుంది. బిడ్డను వెనక్కిచ్చినందుకు తీసుకున్న డబ్బు తిరిగిచ్చేస్తే సరిపోతుందనుకున్నాడు. కొన్న ముఠా అలా అనుకోలేదు, పోయిన లాభం ఎవరు కడతారంది. కొట్టి, జేబులు దులిపి, మిగతాది తెమ్మంది. సోనియా తలుపు వేసేసింది. ఆమె కాళ్ళు పట్టుకుని ఆకలంటాడు, ఆమె కరగదు. హరిశ్చంద్రుడు అప్పుతో మొదలై అమ్మకానికి వచ్చాడు. ఇతను అమ్మకంతో మొదలై అప్పుకు వచ్చాడు. ఆ అప్పుకోసమే తన వెంట తిరిగే పద్నాలుగేళ్ళ స్టీవ్‌ను స్కూటరు మీద ఎక్కించుకుని ఒకామె చేతిసంచి లాక్కుంటాడు. జనం వెంటపడతారు. ఇద్దరూ మ్యూజ్ నదిలో దిగి దాక్కుంటారు. గడ్డకట్టే నీళ్ళు. పిల్లాడి కాళ్ళు కొయ్యబారి మునిగిపోబోతాడు. బ్రూనో వాణ్ణి గట్టుకు లాక్కొచ్చి కాళ్ళు రుద్దుతాడు, వేడి పుట్టేదాకా రుద్దుతూనే ఉంటాడు. కన్నబిడ్డకు చేయని తండ్రిపని ఊళ్ళోవాళ్ళ పిల్లాడికి చేస్తున్నానని అతనికి తెలియదు, సినిమా ఎత్తిచూపదు. ఈసారి అతని చేతుల్లో ఉన్నది మార్చుకోదగింది కాదు. ఈ పిల్లాడు పోతే ఇంకో పిల్లాడన్న మాట ఆ నీళ్ళలో పనిచేయదు.

స్టీవ్ పోలీసులకు దొరికిపోతాడు. బ్రూనో తప్పించుకున్నాడు, సంచిలో డబ్బూ చేతిలో ఉంది. అతని పాత లెక్క ప్రకారం ఇది లాభసాటి రోజు. అతను చేసేది వేరే. నడవని స్కూటరును తోసుకుంటూ వీధులన్నీ దాటి పోలీసు స్టేషనుకు వెళ్తాడు, డబ్బు బయటపెడతాడు, నాయకుణ్ణి నేనే అని ఒప్పుకుంటాడు. ఈ తోపును కెమెరా తొందరపడకుండా చూపుతుంది. మొదట బిడ్డ ఉన్న బండిని తోశాడు, తర్వాత ఖాళీ బండిని తోశాడు, ఇప్పుడు ఎందుకూ పనికిరాని ఇనుమును తోస్తున్నాడు. మూడింట్లో బరువైనది ఇదే, అమ్మాలన్న ఆలోచన రానిదీ ఇదే. పూట దాటని మనిషి తనకు నష్టమని తెలిసిన రేపటిలోకి స్వయంగా నడిచి వెళ్తున్నాడు. నాయకుణ్ణి నేనే అన్న మాటకు ఇంకో అర్థమూ ఉంది: ఆ పిల్లాడి బాధ్యత నాది. మున్సిపల్ ఆఫీసులో సోనియాకోసం పెట్టిన సంతకానికి అర్థం ఇన్నాళ్ళకు ఈ స్టేషనులో వచ్చింది.

ఇది మరీ చక్కగా కుదిరిన ప్రాయశ్చిత్తమని, చర్చి వాసన వేస్తుందని కొందరు పెదవి విరిచారు. జైలు గదిలో కన్నీళ్ళతో ముగించడం రాబర్ట్ బ్రెసన్ 1959లో తీసిన ‘పిక్‌పాకెట్’ను గుర్తుచేస్తుంది, సోనియా పేరు దోస్తొయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’ నాయికను గుర్తుచేస్తుంది, నిజమే. కానీ ఆ చివరి దృశ్యంలో ఎవరు ఎవరికి ఏం వాగ్దానం చేశారో వెతకండి. సోనియా జైలుకు చూడటానికి వస్తుంది. మెషీన్లోంచి కాఫీ తెచ్చి బల్లమీద పెడుతుంది. బ్రూనో తమ బిడ్డ జిమ్మీ ఎలా ఉన్నాడని అడుగుతాడు. బాగున్నాడంటుంది. అతను ఏడుస్తాడు, ఆమె ఏడుస్తుంది, చేతులు పట్టుకుంటారు, తెర నల్లబడుతుంది, సంగీతం లేకుండానే పేర్లు పడతాయి. క్షమించానని ఆమె అనలేదు. మారానని అతను అనలేదు. బయటికొచ్చాక పని దొరుకుతుందో లేదో, ఆరిన కొలుముల ఊళ్ళో దొరకకపోవడానికే ఎక్కువ అవకాశం. మారిందల్లా ఒక చిన్న ప్రశ్న. అక్కడ లేని బిడ్డ గురించి, ఇప్పుడు ఏ లాభమూ లేని బిడ్డ గురించి అతను అడిగాడు. ఎన్నాళ్ళ శిక్షో సినిమా చెప్పదు గాని, జైలుకు మాత్రం తేదీలుంటాయి. బ్రూనో జీవితంలో మొదటిసారి రోజులు లెక్కపెట్టుకోవాలి. ఆ లెక్కకు అటు చివర రోజురోజుకూ పెరిగే పిల్లాడొకడు ఉన్నాడు. బయట ఇంకా ఎవరో ఒకరు బండి తోస్తూనే ఉండాలి. ప్రస్తుతానికి ఆ పని సోనియాది.